రాతిపై నామం, రాతిలో గాడి: ఒరెగాన్ బాట బోధించే కర్మతత్త్వం

దారి తెలియని బయలులో బాటసారికి దిక్కు చూపే ఆనవాలును తెలుగుభాష ‘కొండగుర్తు’ అంటుంది. దూరం నుంచి కనిపించేదీ, నిన్న చూసిన చోటనే నేడు కూడా నిలిచి ఉండేదీ కొండే గనుక ఆ మాట పుట్టింది. సాధకునికి శాస్త్రం అటువంటి కొండగుర్తు. అది సాధకునికి బదులుగా నడవదు; ఎంత దూరం వచ్చినదీ, ఇంకెటు పోవలసినదీ మాత్రం తెలియజేస్తుంది.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఉత్తర అమెరికా ఖండాన్ని ఎడ్లబండ్లతో దాటిన జనులకు ఈ మాట అక్షరాలా వర్తించింది. కొండలనూ నదులనూ గురుతు పెట్టుకొని వారు సుమారు రెండువేల మైళ్ళు నడిచారు. వారు పోయిన తరువాత ఆ మార్గంలో రెండు విధాలైన చిహ్నాలు మిగిలాయి. మొదటివి, నిలిచిపోవాలనే కోరికతో వారు శిలలపై చెక్కుకున్న పేర్లు. రెండవది, ఎవరి సంకల్పమూ లేకుండా వారి బండిచక్రాలు శిలలో తొలిచిన గాడి. ఈ రెండింటిలో ఏది లోతైనది అని విచారించినవారికి కర్మరహస్యం కొంతవరకు బోధపడుతుంది.

బాట ఏర్పడిన విధం

ఈ మార్గానికి ఒరెగాన్ బాట అని పేరు. మిస్సోరి రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణం వద్ద ఆరంభమై, ప్లాట్ నదీతీరం వెంబడి నేటి నెబ్రాస్కా, వయోమింగ్ ప్రాంతాలను దాటి, స్నేక్ నది లోయ గుండా ఐడహోను గడచి, పశ్చిమాన విల్లమెట్ లోయలో ముగుస్తుంది. దీనిని ఏ ప్రభుత్వమూ నిర్మించలేదు. ఆదిమవాసుల కాలిబాటలే దీనికి మూలం. వాటిని చర్మవ్యాపారులు, అనగా బీవరు వంటి జంతువుల చర్మాలకై తిరిగిన వేటగాండ్రు, ఆ జనుల వలన తెలుసుకున్నారు. 1836లో మార్కస్ విట్మన్, హెన్రీ స్పాల్డింగ్ అనే క్రైస్తవ ప్రచారకులు సతీసమేతంగా ఈ దారిన పోయారు. వారి భార్యలు నార్సిసా, ఎలైజాలు రాకీ పర్వతాలను దాటిన మొదటి శ్వేతజాతి స్త్రీలు. 1843లో సుమారు వెయ్యిమంది ఒకే సమూహంగా బయలుదేరడంతో మహాప్రస్థానం ఆరంభమైంది. ఆ తరువాతి పాతికేళ్ళలో ఒరెగాన్, కాలిఫోర్నియా, యూటా దిశలకు పోయినవారు మొత్తం మూడు నుంచి నాలుగు లక్షలని చరిత్రకారుల అంచనా.

వారిని నడిపించినది భూమిపై కాంక్ష. 1850లో అమెరికా శాసనసభ చేసిన చట్టం ప్రకారం ఆ ఏడాది డిసెంబరు 1లోగా ఒరెగాన్ చేరిన ఒంటరి శ్వేతజాతి పురుషునికి 320 ఎకరాలు, దంపతులకు 640 ఎకరాలు ఉచితంగా లభించేవి. తూర్పున అప్పులలోనూ, మలేరియాలోనూ మునిగిన కుటుంబీకునికి అంతకుమించిన ఆకర్షణ లేదు. ఆ కోరికను తేలికగా నిందించడం ధర్మం కాదు. బిడ్డలకు పట్టెడు అన్నం పెట్టే నేల కావాలనుకోవడం గృహస్థునికి సహజం. అయితే ఆ నేల అప్పటికే ఎవరిది అన్న ప్రశ్న ఆ చట్టంలో లేదు.

దూరాన కనిపించే స్తంభం

బండి చిన్నది. దాని తొట్టె పొడవు సుమారు పది అడుగులు, వెడల్పు నాలుగు అడుగులు. పైన తెల్లని గుడ్డకప్పు. రెండు మూడు జతల ఎడ్లు లాగేవి. అందులో నాలుగైదు నెలలకు సరిపడా పిండి, ఉప్పువేసిన మాంసం, కాఫీ, పనిముట్లు నింపితే మనుషులకు చోటు మిగిలేది కాదు. కనుక వృద్ధులూ రోగులూ తప్ప, తక్కినవారందరూ బండి పక్కన నడిచారు. దినానికి పదిహేను మైళ్ళు సాగితే మంచి ప్రయాణం. పశువులకు గడ్డి మొలిచే వసంతానికి ముందు బయలుదేరరాదు. పశ్చిమపర్వతాలలో మంచు పడే కాలానికి తరువాత చేరరాదు. ఈ రెండు హద్దుల నడుమనే యాత్ర ముగియాలి.

వారాల తరబడి చదునైన గడ్డిబయలులో నడిచిన కంటికి తగిలే గొప్ప కొండగుర్తు నెబ్రాస్కాలోని చిమ్నీ రాక్. శంఖువు వంటి మట్టిదిబ్బపై సన్నని స్తంభం నిలిచిన ఆకారం అది. నేటికీ చుట్టుపక్కల నేలకు దాదాపు 300 అడుగుల ఎత్తున ఉంది. బాటసారుల దినచర్యలలో అన్నిటికంటె అధికంగా ప్రస్తావించబడిన గుర్తు ఇదేనని పరిశోధకులు లెక్కించారు. అది కనిపించిన నాడు యాత్రికులు సాయంత్రానికే చేరుతామనుకొనేవారు. కాని ఆ నిర్మలమైన గాలిలో దూరం దగ్గరగా భాసించేది. ఒకటి రెండు దినాలు నడిచినా స్తంభం అక్కడే ఉన్నట్లుండేది. లక్ష్యం కంటికి కనిపించినంత మాత్రాన పాదానికి అందదని ఆ బయలు వారికి నేర్పింది. శ్రవణమాత్రంచేత తత్త్వం అందిందని సంతోషించే సాధకుని స్థితి కూడా ఇటువంటిదే. విన్నది కొండగుర్తును చూడటం. మననం, నిదిధ్యాసన ఇంకా నడవవలసిన దూరం.

ఆ స్తంభం కూడా నిత్యం కాదు. మెత్తని బంకమన్నూ, అగ్నిపర్వతాల బూడిదా, ఇసుకరాయీ పొరలుగా పేరుకొని ఏర్పడినది గనుక గాలివానలకు నానాటికీ అరుగుతోంది. దారి చూపినదీ దృశ్యమే, దృశ్యమైనదంతా క్షయించేదే.

త్యాగశిబిరం

చిమ్నీ రాక్ తరువాత కొద్ది దినాలకు లారమీ కోట వచ్చేది. 1834లో చర్మవ్యాపారానికై వెలసిన ఈ స్థావరాన్ని 1849లో ప్రభుత్వం సైన్యానికై కొన్నది. అంతవరకు దారి సుగమం. ఇక ముందంతా కొండల ఎగువ. అలసిన ఎడ్లు బరువు లాగలేవని అక్కడ అందరికీ తెలిసివచ్చేది. కాలిఫోర్నియాలో బంగారం దొరికిందన్న వార్తతో జనం పోటెత్తిన 1849లో ఆ కోట పరిసరాలలో ఇనుపపొయ్యిలు, పెట్టెలు, కమ్మరిదాగలులు, పందిమాంసపు గుట్టలు రాశులుగా పడి ఉండేవి. ఆ కారణంగా ఆ స్థలానికి ‘త్యాగశిబిరం’ అనే అర్థం వచ్చే మారుపేరు పుట్టింది.

ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించదగినది. అది నిజమైన త్యాగమా? తల్లి ఇచ్చిన బీరువాను దారిలో వదిలిన ఇల్లాలికి వైరాగ్యం కలగలేదు. ఎద్దు పడిపోతుందని మాత్రమే వదిలింది. ముందున్న 640 ఎకరాలపై మమకారం అలాగే ఉంది. పెద్ద కోరికకోసం చిన్న వస్తువును విడవటాన్ని శాస్త్రం త్యాగమని అనదు. అయినప్పటికీ అది వ్యర్థం కాదు. ఏ వస్తువు లేకపోతే బ్రతకలేనని నిన్నటివరకు అనుకున్నారో, అది లేకుండానే నేడు పది మైళ్ళు నడిచారు. అపరిగ్రహంలో తొలిపాఠం అందరికీ ప్రియంగానే రానక్కరలేదు. అవసరం కూడా గురువు కాగలదు.

మరణం మరింత కఠినమైన గురువు. దాడుల వలన చనిపోయినవారికంటె రోగాల వలన, ముఖ్యంగా 1849 నుంచి 1852 వరకు వ్యాపించిన కలరా వలన చనిపోయినవారే ఎన్నో రెట్లు ఎక్కువ. ఉదయం బండి తోలినవాడు సాయంత్రానికి గతించేవాడు. తోడేళ్ళు తవ్వకుండా శవాన్ని బాట నడుమనే పూడ్చి, పైనుంచి బండ్లు తోలి జాడ చెరిపేవారు. 1852 ఆగస్టులో స్కాట్స్ బ్లఫ్ సమీపాన రెబెకా వింటర్స్ అనే ఏబది ఏండ్ల స్త్రీ కలరాతో మరణించింది. ఆమె కుటుంబం అదే ప్లాట్ లోయగుండా యూటాకు పోతున్నది. ఆప్తుడొకడు బండిచక్రపు ఇనుపకమ్మీని వంచి, దానిపై ఆమె పేరూ వయస్సూ చెక్కి సమాధిపై పాతాడు. నడిపించిన చక్రమే నిలిచిపోయిన చోటును చెప్పే గుర్తు అయింది. అది నేటికీ చదవవచ్చును.

పేర్లు చెక్కిన శిలలు

మరణం ఇంత సమీపాన ఉన్నప్పుడు మనిషి తన పేరును ఎక్కడైనా నిలుపుకోవాలని చూస్తాడు. లారమీ కోటకు ఒక దినపు ప్రయాణదూరంలో రిజిస్టర్ క్లిఫ్ అనే మెత్తని ఇసుకరాతి కొండచరియ ఉంది. దానికింద విడిసిన యాత్రికులు రాత్రి వంటలైన తరువాత కత్తులతోనూ ఉలులతోనూ పేర్లు చెక్కారు. ఇంకా పశ్చిమాన, స్వీట్‌వాటర్ నది ఒడ్డున ఇండిపెండెన్స్ రాక్ ఉంది. తాబేలు వీపువలె బయలులో పరుండిన నల్లరాతి గుట్ట అది. ఎత్తు సుమారు 130 అడుగులు, చుట్టుకొలత మైలుకు పైగా. 1830లో చర్మవ్యాపారుల బృందమొకటి అమెరికా స్వాతంత్ర్యదినమైన జూలై 4ను అక్కడ జరుపుకొన్నందువలన ఆ పేరు వచ్చింది. ఆ తేదీలోగా ఈ శిలను చేరినవారు మంచుకు ముందే పర్వతాలు దాటగలరని బాటసారుల లెక్క. ఆలస్యమైతే ప్రాణాపాయమే. 1846లో దగ్గరిదారి అని నమ్మి పరీక్షించని మార్గాన పోయిన డానర్ బృందం సియెర్రా పర్వతాల మంచులో చిక్కి, 87 మందిలో దాదాపు సగం మందిని కోల్పోయింది.

ఇండిపెండెన్స్ రాక్‌పై వేలాది పేర్లు వెలిశాయి. ఉలి ఉన్నవారు చెక్కారు. లేనివారు తారుతోనూ, ఇరుసుకు పూసే కందెనతోనూ వ్రాశారు. డి స్మెట్ అనే క్రైస్తవ సన్న్యాసి దానిని ఎడారిలోని మహాపట్టికగా వర్ణించాడు. కందెనతో వ్రాసిన పేర్లు ఏనాడో వానలకు కరిగిపోయాయి. చెక్కినవాటిలో కొన్నింటిని శిలావల్కలం కప్పింది; కొన్ని పెచ్చులూడి రాలాయి. మిగిలినవాటిని నేటి యాత్రికుడు చదువుతాడు గాని, ఆ పేరు మోసిన మనిషి ఎవరో, చేరవలసిన చోటికి చేరాడో లేదో, చాలావాటి విషయంలో శిల చెప్పదు. నామం ఉంది, రూపం లేదు. నామరూపాలు రెండూ కల్పితాలని వేదాంతం చెప్పే మాటకు ఇంతకంటె విశాలమైన వ్యాఖ్యానఫలకం అరుదు.

తెలియకుండా దాటిన హద్దు

ఆ శిల దాటి స్వీట్‌వాటర్ వెంట పైకి పోతే సౌత్ పాస్ వస్తుంది. ఖండపు జలవిభాజకం ఇదే. దీనికి తూర్పున కురిసిన వాన అట్లాంటిక్ వైపుకు, పడమట కురిసిన వాన పసిఫిక్ వైపుకు ప్రవహిస్తుంది. సముద్రమట్టానికి 7,412 అడుగుల ఎత్తు. ఈ కనుమ లేకపోతే బండ్లతో రాకీలను దాటడం అసాధ్యమై ఉండేది. అయితే ఇంత ముఖ్యమైన స్థలంలో ఇరుకైన లోయ గాని, భయంకరమైన శిఖరం గాని లేదు. మైళ్ళకొద్దీ వెడల్పైన బయలు. ఎక్కుతున్నట్లే తెలియని వాలు. శిఖరరేఖ ఏదో తేల్చుకోలేకనే ఎందరో దానిని దాటిపోయారు. కొద్ది మైళ్ళు పోయి పసిఫిక్ స్ప్రింగ్స్ అనే ఊటవద్ద నీరు పడమరకు పారుతుండగా చూసినప్పుడే హద్దు దాటామని వారికి తెలిసింది.

సాధనలో పరివర్తనం కూడా ఇలాగే జరుగుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. మెరుపులూ ఉరుములూ ఆశించినవానికి ఏమీ జరగనట్లే ఉంటుంది. ఒకనాడు కోపం రావలసిన చోట రాలేదని, మనస్సు పారే దిక్కు మారిందని గమనించినప్పుడు గాని దాటిన సంగతి తెలియదు. గుర్తించవలసినది శిఖరాన్ని కాదు, ప్రవాహదిశను.

గాడి

ఇప్పుడు దృష్టిని మళ్ళీ తూర్పుకు, రిజిస్టర్ క్లిఫ్ సమీపానికి మరల్చాలి. అక్కడికి కొద్ది మైళ్ళ లోపే గర్న్‌సీ అనే ఊరివద్ద ఒక ఇసుకరాతి మిట్ట ఉంది. బయలులో బండ్లు దుమ్ము తప్పించుకోవడానికి విడివిడిగా, పక్కపక్కన పోయేవి. కనుక అక్కడ జాడలు పలుచన. ఈ మిట్టవద్ద మాత్రం నేల ఇరుకు గనుక వచ్చిన బండ్లన్నీ ఒకే చోట ఎక్కవలసివచ్చింది. ఇనుపకమ్మీలు వేసిన చక్రాలు, ఎడ్ల గిట్టలు, మనుషుల పాదాలు ఏళ్ళ తరబడి అరగదీయగా ఆ రాతిలో గాడి పడింది. కొన్నిచోట్ల దాని లోతు ఐదడుగులు. మనిషి దిగి నిలబడితే ఛాతీవరకు మునుగుతాడు.

ఎంతో శ్రమించి చెక్కిన పేరు అంగుళం లోతుకు మించలేదు. ఎవరూ చెక్కాలనుకోని గాడి ఐదడుగులు దిగింది. పేరు ఒకని సంకల్పఫలం, ఒక సాయంకాలపు పని. గాడి ఎవరి పనీ కాదు. దినదినమూ అదే చోట అదే విధంగా జరిగిన క్రియకు ఫలం.

చిత్తం విషయంలోనూ ఇదే న్యాయం. మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటలు, పొందే బిరుదులు, చేసే ప్రతిజ్ఞలు చిత్తశిలపై చెక్కిన పేర్ల వంటివి. వాటిని శ్రద్ధగా చెక్కుకుంటాడు, ఇతరులకు చూపుకుంటాడు. అవి పైపొరలోనే ఉంటాయి. ప్రతిదినం పరధ్యానంగా చేసే పనులు, తలచే తలపులు, ఆడే మాటలు చక్రాల వంటివి. ఒక్కొక్కటి తొలిచేది అణుమాత్రం, లెక్కకే రాదు. కాని సంస్కారమని, వాసన అని శాస్త్రం పిలిచేది వాటి మొత్తాన్నే. దేహంతోపాటు పేరు పోతుంది. సూక్ష్మశరీరంతోపాటు గాడి సాగుతుంది. ‘గాడిలో పడింది’, ‘గాడి తప్పింది’ అనే వ్యవహారం తెలుగునాట ప్రతి ఇంటా ఉంది. బండి ఒకసారి గాడిలో పడితే తోలేవాడు పగ్గం లాగినా తేలికగా పక్కకు రాదు. అందుకే సాధనకు నిత్యత్వం విధించారు. గాడి నుంచి బయటపడటానికి మరొక గాడి వేయడమే ఉపాయం. అదీ ఒక్కొక్క చక్రపు తిరుగుడుతోనే.

గాడికింద నలిగినవారు

ఇంతటితో ఆపితే ఈ చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది. ఆ గాడి ఖాళీ నేలపై పడలేదు. ప్లాట్ లోయ పానీ, లకోటా, షయెన్, అరాపహో జనులది. కనుమకు ఆవల షోషోనీలది. నీలిపర్వతాల దిగువన కయ్యూస్, నెజ్ పెర్స్ జనులది. చలనచిత్రాలు చూపినట్లు దారిపొడుగునా యుద్ధం జరగలేదు. జాన్ అన్రూ అనే చరిత్రకారుడు లెక్కించిన ప్రకారం 1840 నుంచి 1860 వరకు ఆదిమవాసుల చేతిలో మరణించిన యాత్రికులు 362 మంది. యాత్రికుల చేతిలో మరణించిన ఆదిమవాసులు 426 మంది. నదులు దాటించినవారు, దారి చూపినవారు, ఆహారం అమ్మినవారు ఆదిమవాసులలో ఎందరో ఉన్నారు.

నాశనం ఆయుధం వలన కంటె ప్రయాణం వలననే ఎక్కువగా జరిగింది. లక్షల పశువులు నదీతీరపు గడ్డిని మేశాయి. వంటచెరకుకై తీరవృక్షాలు నరకబడ్డాయి. అడవిదున్నల మందలు బాటకు దూరంగా తొలగిపోయాయి. యాత్రికులను చంపిన కలరాయే 1849లో పానీ జనులను పెద్దసంఖ్యలో బలిగొన్నది. విట్మన్ దంపతుల ఆశ్రమం వద్దకు 1847లో వచ్చిన తట్టురోగం కయ్యూస్ బిడ్డలను హరించింది. కోపోద్రిక్తులైన కొందరు కయ్యూస్‌లు ఆ దంపతులను, మరికొందరిని చంపారు. దానికై 1850లో ఐదుగురు కయ్యూస్ పురుషులను ఉరితీశారు. 1851లో లారమీ కోట పేర జరిగిన సంధిలో, బండ్లను సురక్షితంగా పోనిచ్చినందుకు ప్రతిఫలంగా ఏబది ఏండ్లపాటు వార్షికసామగ్రి ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ ఏబదిని అమెరికా సెనేట్ పదికి తగ్గించింది.

ఏ ఒక్క బండివాడూ ఒక జాతిని నిర్వాసితం చేయాలని సంకల్పించి ఎద్దును అదిలించి ఉండకపోవచ్చును. ప్రతివాడూ తన బిడ్డలకోసమే నడిచాడు. అయినా అందరి నడకా కలిసి ఇతరుల బిడ్డల నేలను తీసుకున్నది. కర్మసిద్ధాంతంలో భయపడవలసిన అంశం ఇదే. ‘నాకు దురుద్దేశం లేదు’ అనే మాట హృదయానికి ఊరట కావచ్చు గాని, చక్రం తొలిచిన రాతిని పూడ్చదు. తన బండి ఎవరి పచ్చికపై పోతున్నదో విచారించడం అహింసావ్రతంలో భాగం. తాను చెక్కిన పేరుకు మాత్రమే కర్తనని, తన బండి పడవేసిన గాడికి కర్తను కానని అనడం అవివేకం.

వెనుదిరిగిన వృద్ధుడు

1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తికావడంతో బండ్ల కాలం క్షీణించింది. పొలాలు దున్నినచోట్ల బాట చెరిగిపోసాగింది. 1852లో ఇరవైయొకటవ ఏట భార్యతో, పసిబిడ్డతో ఆ దారిన వచ్చిన ఎజ్రా మీకర్, 1906లో డెబ్బైయైదేండ్ల వయస్సులో మళ్ళీ ఎడ్లబండి కట్టి, ఈసారి పడమటి నుంచి తూర్పుకు బయలుదేరాడు. మధ్యకాలంలో ఆయన గొప్ప ధనం సంపాదించి, దానిని కోల్పోయినవాడు కూడా. ఊరూరా ఆగి, బాట పోయిన చోట స్మారకశిలలు నాటించాడు. 1907లో రాజధానిలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టును కలిశాడు. 1924లో, తొంబైమూడేండ్ల వయస్సులో, నెలల తరబడి నడిచిన ఆ దూరాన్నే విమానంలో దాటాడు. 1978లో ప్రభుత్వం ఒరెగాన్ బాటను జాతీయ చారిత్రకమార్గంగా ప్రకటించింది.

సౌత్ పాస్ వద్ద ఆ వృద్ధుడు నిలిపిన రాయి ఇప్పటికీ ఉంది. దానిపై తన పేరు లేదు. అది పాత ఒరెగాన్ బాట అని, 1843-57 అని మాత్రమే చెక్కి ఉంది. యౌవనంలో నేలకోసం పశ్చిమానికి నడిచినవాడు, వార్ధక్యంలో ఏ నేలనూ కోరకుండా అదే దారిన తూర్పుకు నడిచాడు. బాట ఒకటే, బండి ఒకటే, ఎడ్లూ అటువంటివే. మారినది సంకల్పం.

సాధకుడు కూడా ఏదో ఒకనాడు ఇలా వెనుదిరిగి తన దారిని తాను చూడవలసి ఉంటుంది. చెక్కుకున్న పేర్లను చదువుకోవడానికి కాదు, దిగిన గాడిని కొలవడానికి. అది ఎటు పోతున్నదో, ఎవరిని నలిపిందో తెలిసినవానికి పశ్చాత్తాపం కలుగుతుంది. పశ్చాత్తాపం కలిగినవానికి రేపటి చక్రాన్ని మరొకచోట నడిపే వివేకం కలుగుతుంది. నామం గాలివానకు అరిగిపోతుంది. గాడి కూడా ఏదో ఒక యుగంలో అరిగేదే. చూసే సాక్షికి మాత్రం అరుగుదల లేదు. ఆ సాక్షిని చేరేవరకు బండిని జాగ్రత్తగా తోలవలసిన బాధ్యత జీవునిదే.

స్వస్తి.